‘వస్తానన్నాడు’ ఇంగ్లీషులోకి వెళితే: రిపోర్టెడ్ స్పీచ్‌లో రేపటి సంగతులు

పదో తరగతి పబ్లిక్ పరీక్షకు చదివే పిల్లల నోట్సులో రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరు అన్న మాటను ఇంకొకరికి చేరవేసే పద్ధతి, పాఠం దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు విల్, కుడివైపు వుడ్. ఎడమవైపు టుమారో, కుడివైపు ద నెక్స్ట్ డే. దాన్ని బట్టీ పట్టినవాళ్లకు పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ అనంతపురంలో డిగ్రీయో బీటెకో పూర్తిచేసి, బెంగళూరు బస్సెక్కి, అక్కడ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఆ పట్టిక అక్కరకు రాదు. “మీ పాత కంపెనీ మిమ్మల్ని ఎప్పుడు రిలీవ్ చేస్తామంది?” అని హెచ్‌ఆర్ అడుగుతారు. జవాబు నోటిదాకా వస్తుంది. విల్ అనాలా, వుడ్ అనాలా అన్న టెన్షన్‌లో వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది.

పట్టికలో ఉన్నది తప్పేమీ కాదు, సగమే. ఏ మాట దేనిగా మారుతుందో చెబుతుంది. ఎందుకు మారుతుందో, ఎప్పుడు మార్చనక్కర్లేదో చెప్పదు. ఈ లోటు అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది భవిష్యత్తు గురించిన మాటల దగ్గరే. జరిగిపోయిన సంగతిని ఎవరు ఎప్పుడు చెప్పినా అది జరిగిపోయినదే. రేపు చేస్తానన్న పని అలా కాదు. ఆ మాట అన్న రోజుకు అది రేపటిది. దాన్ని ఇంకొకరికి చేరవేసే రోజుకు ఇవాళ్టిది అయి ఉండొచ్చు, నిన్నటిది అయి ఉండొచ్చు, ఇంకా ముందే ఉండొచ్చు. ఇంగ్లీషు వాక్యం ఈ తేడాను పట్టించుకుంటుంది. బడి పట్టిక పట్టించుకోదు.

తెలుగులో ఈ పని ఎలా సాగుతుందో ముందు చూడాలి. కష్టం ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే అక్క శుక్రవారం సాయంత్రం అనంతపురంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, “రేపు ఊరికొస్తాండా” అందనుకుందాం. ఫోన్ పెట్టేయగానే తమ్ముడు అమ్మతో, “అక్క రేపు వస్తానని చెప్పింది” అంటాడు. శనివారం పొద్దున్నే పక్కింటావిడ అడిగితే, “అక్క ఈ పొద్దు వస్తానని చెప్పింది పెద్దమ్మా” అంటాడు. సోమవారం స్నేహితుడితో, “శనివారం వస్తానని చెప్పిందిరా, రాలేదు” అంటాడు. మూడుసార్లూ ‘వస్తాను’ అన్నది అలాగే ఉంది. వచ్చేది అక్క, చెప్పేది తమ్ముడు, అయినా క్రియ మాత్రం అక్క నోట్లోంచి ఊడిపడ్డట్టే ‘వస్తాను’. ఆ పక్కనున్న రోజు మాత్రం రేపు, ఈ పొద్దు, శనివారం అని మారుతూ వచ్చింది.

అంటే తెలుగువాళ్లు రోజును తమవైపు నుంచి లెక్కగడతారు, క్రియను అన్నవాళ్లవైపే వదిలేస్తారు. ‘తను వస్తానని చెప్పింది’ అన్న వాక్యంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి: ‘తను’ చెప్పేవాడి వైపు నుంచి, ‘వస్తాను’ అక్క వైపు నుంచి. ఎవరికీ తికమక ఉండదు. వస్తానంది అంటే తనే వస్తుంది, వస్తాడంది అంటే వేరే ఎవరో వస్తాడు. ఎవరు వచ్చేదీ క్రియ చివరే తేలిపోతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఇంగ్లీషులో లేదు. అక్కడ రోజుతో పాటు మనిషి, కాలం అన్నీ చెప్పేవాడి వైపే తిరగాలి.

ఈ తేడా తెలియనప్పుడు వచ్చే మొదటి తప్పు “షి సెడ్ ఐ విల్ కమ్ టుమారో”. తెలుగులో ఆలోచించి చూస్తే దీంట్లో దోషమే కనపడదు. ఇంగ్లీషు విన్నవాళ్లకు మాత్రం వచ్చేది అక్క కాదు, మాట్లాడుతున్న తమ్ముడు. ఇది కాస్త వ్యాకరణం జారడం అని సరిపెట్టుకునే తప్పు కాదు, మనిషే మారిపోతున్నాడు. ఆఫీసులో “మేనేజర్ టోల్డ్ ఐ విల్ సెండ్ ద మెయిల్” అంటే, మెయిల్ పంపేది మేనేజరా ఈయనా అని అవతలివాళ్లు మళ్లీ అడగాల్సి వస్తుంది. అడగకపోతే ఇంకా ఇబ్బంది, ఇద్దరూ పంపరు. విల్‌ను వుడ్ చేయడం మరిచినా అర్థం చెడదు. ఐ అన్నదాన్ని షి చేయడం మరిస్తే చెడుతుంది. తరగతిలో మాత్రం విల్, వుడ్‌ల మీదే గంటలు గడుస్తాయి.

ఇక తమ్ముడి మూడు మాటలూ ఇంగ్లీషులో ఎలా ఉంటాయి? శుక్రవారం రాత్రి అమ్మతో, “షి సేస్ షి ఈజ్ కమింగ్ టుమారో”. సెడ్ అని మొదలుపెట్టినా, ఈజ్ కమింగ్ టుమారో అనే ఉంచొచ్చు, ఎందుకంటే రేపు ఇంకా రేపే. శనివారం పొద్దున, “షి సెడ్ షి వాజ్ కమింగ్ టుడే”. సోమవారం, “షి సెడ్ షి వాజ్ కమింగ్ ఆన్ సాటర్‌డే”. టుమారో కాస్తా టుడే అయింది, తర్వాత సాటర్‌డే అయింది. పట్టికలోని ద నెక్స్ట్ డే ఈ మూడింటిలో ఒక్కచోటా అవసరం పడలేదు. శనివారం పొద్దున “షి వాజ్ కమింగ్ ద నెక్స్ట్ డే” అంటే విన్నవాళ్లు ఏ రోజని తడుముకుంటారు. ద నెక్స్ట్ డే అన్నది ఎప్పుడో జరిగిన కథను తీరిగ్గా చెప్పేటప్పుడు, లేదా ఆ మాట ఏ రోజు అన్నదో తెలియని పరీక్ష ప్రశ్నలో సరిగ్గా కూర్చుంటుంది. రోజు మార్చడం తెలుగువాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్యే. దాన్ని కొత్త సూత్రంగా బట్టీ పట్టించే బదులు, ‘నువ్వు ఇంట్లో మాట్లాడేటప్పుడు చేసేదే ఇక్కడా చెయ్యి’ అని చెబితే పిల్లలకు సగం భారం తగ్గుతుంది.

విల్ ఎప్పుడు ఉంచాలి, వుడ్ ఎప్పుడు తేవాలి

సెడ్ అన్న మాట జరిగిపోయిన కాలానిది కాబట్టి దాని వెనకొచ్చే క్రియా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. ఇది సాధారణ పద్ధతి. వుడ్ అన్నది పుట్టుకతో విల్‌కు భూతకాల రూపమే. అందుకే ‘వస్తానంది’ అన్నది “షి సెడ్ షి వుడ్ కమ్” అవుతుంది. ఇక్కడ వుడ్‌కు అర్థం ‘రావచ్చేమో’ అని కాదు, ‘వచ్చేది’ అనీ కాదు. ఆ రోజు నిలబడి ముందుకు చూస్తే కనిపించిన రేపు, అంతే. వచ్చిందో రాలేదో వుడ్ చెప్పదు. దాన్ని అనుమానపు మాటగా పొరబడేవాళ్లు చాలామంది. అందుకే గట్టిగా చెప్పాల్సిన చోట కూడా వుడ్ వాడటానికి భయపడతారు, వాడనక్కర్లేని చోట మర్యాద కోసం వాడేస్తారు. “ఐ వుడ్ బి జాయినింగ్ ఆన్ మండే” అని మెయిల్ రాసేవాళ్లు కోకొల్లలు. అది సొంత మాట, ఒకరు చెప్పింది చేరవేయడం కాదు. “ఐ విల్ జాయిన్ ఆన్ మండే” అంటే చాలు, అందులో మర్యాద ఏమీ తగ్గదు.

విల్‌ను విల్‌గానే ఉంచే సందర్భాలు రెండు. మొదటిది, చెప్పాడు అన్న క్రియ వర్తమానంలో ఉన్నప్పుడు: సేస్, హాజ్ సెడ్ లాంటివి. రెండోది, చెప్పింది నిన్నయినా జరగాల్సింది ఇంకా ముందే ఉండి, ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉందని చేరవేసే మనిషి అనుకుంటున్నప్పుడు. ఈ రెండో సందర్భంలో విల్, వుడ్ రెండూ సరైనవే. తేడా వ్యాకరణంలో లేదు, చేరవేసేవాళ్లు ఆ మాటకు ఎంత దగ్గరగా నిలబడుతున్నారు అన్నదాంట్లో ఉంది.

అనంతపురం జిల్లాలో ఏటా నడిచే చర్చ ఒకటి దీనికి బాగా పనికొస్తుంది. తుంగభద్ర డ్యామ్ నుంచి హెచ్చెల్సీకి, అంటే తుంగభద్ర ఎగువ కాలువకు, నీళ్లు ఎప్పుడు వదులుతారన్నది. హోస్పేట దగ్గర మొదలై కర్ణాటక దాటి వచ్చే ఆ కాలువ మీదే పెన్న అహోబిలం (పీఏబీఆర్), మిడ్ పెన్నార్ జలాశయాలు ఆధారపడ్డాయి. పదో తేదీన నీళ్లు వదులుతామని అధికారులు చెప్పారనుకుందాం. తెలుగు పేపరులో వార్త ఒకే తీరుగా వస్తుంది: “పదో తేదీన నీటిని విడుదల చేస్తామని అధికారులు తెలిపారు.” ఇంగ్లీషు పేపరులో ఇదే వార్త నాలుగు రకాలుగా రావచ్చు, నాలుగింటికీ అర్థం వేరు.

“అఫీషియల్స్ సెడ్ వాటర్ వుడ్ బి రిలీజ్డ్ ఆన్ ద టెన్త్” అంటే, వాళ్లు అలా చెప్పారు, విలేకరి దాన్ని చేరవేశాడు. వదులుతారా లేదా అన్నదానికి విలేకరి పూచీ లేదు. “అఫీషియల్స్ హావ్ సెడ్ వాటర్ విల్ బి రిలీజ్డ్ ఆన్ ద టెన్త్” అంటే ఆ మాట ఈ పొద్దుకు కూడా అమల్లో ఉన్నట్టే. “వాటర్ వాజ్ టు బి రిలీజ్డ్ ఆన్ ద టెన్త్” అని మొదలైతే పాఠకుడు అప్రమత్తం కావాలి. అనుకున్నది పదో తేదీ, మధ్యలో ఏదో అయ్యుండొచ్చు, తర్వాతి వాక్యం చదవాల్సిందే. ఇక “వాజ్ టు హావ్ బీన్ రిలీజ్డ్” అని ఉంటే తర్వాతి వాక్యం చదవకుండానే తెలిసిపోతుంది, నీళ్లు ఆ రోజు వదల్లేదు. కాలువ కింద వరి వేయాలా ఆరుతడి పంట వేయాలా అని చూసే రైతు కుటుంబంలో ఇంగ్లీషు పేపరు చదివే పిల్లవాడు ఉంటే, ఈ నాలుగింటి మధ్య తేడా వాడికి పరీక్ష మార్కుల కన్నా విలువైనది.

హెచ్‌ఆర్ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పాత కంపెనీ పదిహేనో తేదీన రిలీవ్ చేస్తామని చెప్పింది, ఆ తేదీ ఇంకా రాలేదు, మాట మారలేదు. అప్పుడు “దే హావ్ టోల్డ్ మి దే విల్ రిలీవ్ మి ఆన్ ద ఫిఫ్టీన్త్” అనడమే మేలు. వుడ్ అన్నా తప్పు కాదు. కానీ విల్ అంటే ఈ తేదీని నమ్మొచ్చన్న సంగతి అవతలివాళ్లకు చేరుతుంది. ఇంకో చిన్న సంగతి: టోల్డ్ అంటే వెంటనే ఎవరికి అన్నది రావాలి. టోల్డ్ మి, టోల్డ్ హర్. ఎవరికన్నది లేకపోతే సెడ్ వాడాలి. ‘చెప్పారు’ అన్న ఒక్క మాట రెండు చోట్లా సరిపోతుంది కాబట్టి తెలుగువాళ్లు ఇక్కడ తరచూ జారతారు.

పోతా, పోతాండా, పోదామనుకుంటాండా

భవిష్యత్తుకు ఇంగ్లీషులో విల్ ఒక్కటే లేదు. అప్పటికప్పుడు అనుకున్న పనికి, మాటివ్వడానికి విల్. ముందే మనసులో పెట్టుకున్నదానికి గోయింగ్ టు. టికెట్ తీసుకుని, లీవు పెట్టి, అంతా కుదుర్చుకున్నదానికి ఐయామ్ గోయింగ్, ఐయామ్ కమింగ్ లాంటి కంటిన్యూయస్ రూపం. బస్సు, రైలు, పరీక్షల టైంటేబుల్‌కు మామూలు ప్రెజెంట్ టెన్స్. ఇవి తెలుగువాళ్లకు పరాయి సంగతులేమీ కావు. “రేపు బెంగళూరుకు పోతా” అన్నదానికీ, “పోదామనుకుంటాండా” అన్నదానికీ, “పోతాండా, టికెట్ కూడా తీసినా” అన్నదానికీ తేడా ఈ సీమలో ఎవరికి తెలియదు? మూడో మాటలో పోతున్నది ఇప్పుడు కాదు, రేపు. ఇంగ్లీషు కంటిన్యూయస్ కూడా సరిగ్గా ఆ పనే చేస్తుంది.

చిక్కు వచ్చేది దీన్ని చేరవేసేటప్పుడు. “ఐయామ్ గోయింగ్ టు బెంగళూరు టుమారో” అన్నది “హి సెడ్ హి వాజ్ గోయింగ్ టు బెంగళూరు ద నెక్స్ట్ డే” అవుతుంది. వాజ్ గోయింగ్ అనగానే ‘అప్పుడు పోతూ ఉన్నాడు’ అన్న అర్థమే చాలామందికి తడుతుంది, అందుకని దాన్ని వదిలేసి వుడ్ గో అంటారు. అన్నా తప్పు లేదు. కానీ టికెట్ కూడా తీసుకున్నాడన్న గట్టిదనం వుడ్‌లో కాస్త పలచబడుతుంది. ప్రయాణం ఖాయమైనదని చెప్పాలంటే వాజ్ గోయింగ్ ఉంచాలి.

టైంటేబుల్ వాక్యాల దగ్గర మాత్రం సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే దెబ్బతింటాం. “ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్” అని డిపోలో చెప్పారు. దాన్ని “హి సెడ్ ద బస్ లెఫ్ట్ ఎట్ సిక్స్” అని మారిస్తే, బస్సు ఆరింటికే వెళ్లిపోయిందని విన్నవాళ్లు ఇంటికి తిరిగిపోతారు. బస్సు ఇంకా కదలకపోతే లీవ్స్ అనే ఉంచడం మంచిది, లేదంటే వుడ్ లీవ్ అనాలి. పరీక్షలో లెఫ్ట్‌కు మార్కు రావచ్చు, బస్టాండులో అది పనికిరాదు.

గోయింగ్ టు అన్నది వాజ్ గోయింగ్ టు అయినప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. “ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు” అని ఎవరైనా నేరుగా అంటే ఫోన్ చేయలేదనే అర్థం, ‘చేద్దామనుకున్నా’ అన్నట్టు. అదే “హి సెడ్ హి వాజ్ గోయింగ్ టు కాల్ మి” అంటే చేశాడో లేదో తెలియదు. సెడ్ ముందుంటే అది చేరవేత, లేకపోతే తప్పిపోయిన పని. తెలుగులో “ఫోన్ చేస్తానన్నాడు” అని ఆపేస్తే ఏమీ తేలదు, “చేస్తానన్నాడే!” అని చివర్న సాగదీస్తే చేయలేదని ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ సాగదీత పని బట్ చేయాలి, “హి సెడ్ హి వుడ్ కాల్, బట్ హి డిడ్‌న్ట్” అని.

వుడ్ హావ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వుడ్ కన్నా వుడ్ హావ్ ఇంకొంచెం వెనకటి కాలమన్న భ్రమతో “హి సెడ్ హి వుడ్ హావ్ కమ్ టుమారో” అనేవాళ్లున్నారు. “హి సెడ్ హి వుడ్ హావ్ కమ్” అంటే ‘వచ్చేవాణ్ణే, కుదర్లేదు’ అన్నాడని అర్థం. రానున్న మనిషిని రానివాణ్ణి చేసినట్టు. సోమవారానికల్లా పని ముగించేసి ఉంటానన్న మాటను చేరవేసేటప్పుడు మాత్రం వుడ్ హావ్ ఫినిష్డ్ బై మండే సరైనదే. బై మండే లాంటి గడువు పక్కనుంటే గానీ ఈ అర్థం రాదు.

వాన పడితే

తక్కువ వానతో నెట్టుకొచ్చే అనంతపురం జిల్లాలో ‘అయితే’ లేకుండా రైతు ప్లాన్ ఉండదు. “ఈ వారం వాన పడితే శెనక్కాయ విత్తుతా” అని ఒక రైతు అన్నాడు. నేరుగా ఇంగ్లీషులో, “ఇఫ్ ఇట్ రెయిన్స్ దిస్ వీక్, ఐ విల్ సో గ్రౌండ్‌నట్”. చేరవేస్తే, “హి సెడ్ హి వుడ్ సో గ్రౌండ్‌నట్ ఇఫ్ ఇట్ రెయిన్డ్ దట్ వీక్”. రెయిన్డ్ చూసి వాన పడిపోయిందనుకోకూడదు. అది ఇంకా పడాల్సిన వానే, సెడ్ వెంట వెనక్కి జరిగింది.

ఇక్కడే తెలివైన విద్యార్థులకు కూడా ఒక సందేహం వస్తుంది. ఇఫ్ ఇట్ రెయిన్డ్, హి వుడ్ సో అన్నది ‘పడితేనా, పడదులే’ అన్న నిరాశ వాక్యంలా కూడా ఉంటుంది కదా అని. సందేహం నిజమైనదే. రైతు ఆశతో అన్నా, నిరాశతో అన్నా, చేరవేసేసరికి రెండూ ఒకే రూపంలోకి వస్తాయి. నిరాశ వాక్యంలో వుడ్ ముందే ఉంది కాబట్టి అది ఇంకా వెనక్కి జరగదు. ఆశ వాక్యంలోని విల్ వచ్చి దాని పక్కనే చేరుతుంది. ఏది ఏదో చుట్టూ ఉన్న మాటలను బట్టి తెలుసుకోవాలి. వారం ఇంకా గడవకపోతే “హి సేస్ హి విల్ సో ఇఫ్ ఇట్ రెయిన్స్ దిస్ వీక్” అంటే ఈ సందిగ్ధమే ఉండదు. ఆ రైతు ఆశ కూడా వాక్యంలో చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

టెన్స్‌తో పనిలేని దారి

ఇంత లెక్క అవసరం లేని దారి ఒకటుంది. దాన్ని బళ్లలో తగినంతగా నేర్పరు. ఎవరైనా రేపటి గురించి ఏదైనా అన్నారంటే ఉత్తినే అనరు. మాటిస్తారు, ఒప్పుకుంటారు, బెదిరిస్తారు, రానని మొండికేస్తారు, సాయం చేస్తామంటారు. ఇంగ్లీషులో ప్రామిస్డ్, అగ్రీడ్, త్రెటెన్డ్, రెఫ్యూజ్డ్, ఆఫర్డ్ వీటికి ఉన్నాయి. వీటి వెనక టు పెట్టి క్రియ రాస్తే విల్, వుడ్ బాధే లేదు. “షి ప్రామిస్డ్ టు కమ్ ఆన్ సాటర్‌డే”, “హి రెఫ్యూజ్డ్ టు సైన్”. ఐ, షి తికమక కూడా పోతుంది, ఎందుకంటే మధ్యలో సర్వనామమే రాదు. హి సెడ్, షి సెడ్ అంటూ పేరా అంతా నింపే బదులు ఈ ఐదారు క్రియలు అలవాటు చేసుకుంటే వాక్యం పొట్టిగా ఉంటుంది, సంగతి ఎక్కువ చెబుతుంది.

‘దాం’తో ముగిసే మాటలకు కూడా ఇదే మందు. “సాయంత్రం టవర్ క్లాక్ దగ్గర కలుద్దామన్నాడు” అన్నదాన్ని “హి టోల్డ్ లెట్ అజ్ మీట్” అని మోటుగా అనేస్తుంటారు. “హి సజెస్టెడ్ మీటింగ్ నియర్ ద టవర్ క్లాక్ ఇన్ ద ఈవినింగ్” అంటే సరిపోతుంది. సజెస్టెడ్ తర్వాత మాత్రం టు రాదు. “పోదామనుకుంటాండా” అన్నది ఒక్కడి ఆలోచనే కాబట్టి దానికి సజెస్టెడ్ కుదరదు. “హి సెడ్ హి వాజ్ థింకింగ్ ఆఫ్ గోయింగ్” అనాలి.

ప్రశ్నల్లో కూడా తెలుగు క్రియ అన్నవాళ్లవైపే ఉంటుంది. “ఎప్పుడు వస్తావని అమ్మ అడిగింది” అన్న వాక్యంలో ‘వస్తావు’ అమ్మ మాటే. ఇంగ్లీషులో “మదర్ ఆస్క్‌డ్ వెన్ ఐ వుడ్ కమ్”. వెన్ వుడ్ ఐ కమ్ కాదు, ప్రశ్న వరస పోయి మామూలు వాక్యం వరస రావాలి. వెన్, వేర్, హౌ అన్నిటికీ ఇంతే. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు ఇఫ్ కలుస్తుంది.

విల్‌తో మొదలయ్యే ప్రశ్నలన్నీ రేపటి గురించి అడిగేవి కావు. “విల్ యు హెల్ప్ మి?” అన్నది సాయం అడగడం, కాబట్టి “హి ఆస్క్‌డ్ మి టు హెల్ప్ హిమ్”. “తలుపు వెయ్యనా?” అన్నట్టుండే “షల్ ఐ క్లోజ్ ద డోర్?” అన్నది అవతలివాళ్ల ఇష్టం కనుక్కోవడం, కాబట్టి అక్కడ వుడ్ రాదు, షుడ్ వస్తుంది: “హి ఆస్క్‌డ్ ఇఫ్ హి షుడ్ క్లోజ్ ద డోర్”. పట్టికలో షల్ ఎదురుగా వుడ్ అని మాత్రమే రాసుకున్నవాళ్లు పక్కనే షుడ్ కూడా రాసుకోవాలి. పరీక్ష రాసేటప్పుడు, ప్రశ్నలో సెడ్ ఉండి తేదీ ఏదీ లేకపోతే, వుడ్, ద నెక్స్ట్ డే అని పట్టిక ప్రకారమే రాయాలి. సేస్ ఉంటే విల్‌ను ముట్టుకోకూడదు.